చూసి రాసిన వాక్యాలు

1949 మార్చిలో సూర్యాపేటలోని ఒక చిన్న మిషన్ దవాఖానకు మద్రాసు నుంచి కొత్త డాక్టరమ్మ వచ్చారు. ఆమెకు తెలుగు రాదు, ఉర్దూ అసలే రాదు. వారం తిరగకముందే మందుసీసాల మీది తెలుగు చీటీలు పోయి ఇంగ్లీషు చీటీలు వచ్చాయి. మందుల కిటికీ దగ్గర ఆరేళ్లుగా పనిచేస్తున్న దేవమ్మకు ఐదు నెలల గడువు ఇచ్చారు. రెండువందల ఇంగ్లీషు మాటలు నేర్వాలి. ప్రతి మాటతోనూ సొంతంగా ఒక వాక్యం చెప్పాలి. పరీక్షలో అడిగే ఇరవై మాటల్లో ఒక్కటి తప్పినా కిటికీ దగ్గర వేరొకరిని పెడతారు. దేవమ్మకు మరో ఆధారం లేదు. భర్త యేసయ్య వడ్రంగి. ఆ జనవరి పదకొండున, మునగాలలో పోలీసులు విచారణకని అతనితో కలిపి తొమ్మిదిమందిని లారీ ఎక్కించారు. ఎనిమిదిమంది తిరిగివచ్చారు.

పాఠం చెప్పింది కోదాడ వైపు నుంచి వచ్చిన నర్సు సుగుణమ్మ. మధ్యాహ్నం రోగులు తగ్గాక గంటసేపు కూర్చునేవారు. కాటన్, వాటర్, స్పూన్, ఫీవర్. ‘బాటిల్’ దగ్గర సుగుణమ్మ ‘ది బాటిల్ ఈజ్ బ్లూ’ అని చెబితే, దేవమ్మ లేచి అలమార దాకా వెళ్లి, చూసి వచ్చి, ‘గ్రీన్’ అని రాసుకుంది. ‘క్యాట్’కు ‘గోడ మీద పిల్లి ఉంది’ అన్న వాక్యం చెబితే రాయలేదు.

“పిల్లి లేదు గదక్కా.”

“ఉందనుకోవే తల్లీ. నీ సొమ్మేం పోయింది?”

“అనుకోని రాసుడు అలవాటైతే, మందు గూడ అనుకోనే ఇస్త.”

సుగుణమ్మ నవ్వింది. “నీకు పాఠం చెప్పేకంటే పిల్లిని పట్టుకురావడం తేలిక.”

నూట అరవై మూడో మాట ‘హస్బెండ్’. సుగుణమ్మ ఆలోచించకుండానే, ‘నా భర్త సాయంత్రం ఇంటికి వస్తాడు’ అన్న వాక్యం ఇంగ్లీషులో చెప్పేసింది. చెప్పాక పెన్సిలు కింద పెట్టింది. దేవమ్మ మాట రాసి, పక్కన ఖాళీ వదిలి, నూట అరవై నాలుగు అంకె వేసింది.

నెల గడిచినా ఆ ఖాళీ అలాగే ఉంది.

“డాక్టరమ్మ ఇదే అడిగితే?” అంది సుగుణమ్మ.

“అడగనీ.”

“ఏదో ఒకటి రాసెయ్యి దేవమ్మా. ఆవిడకేం తెలుస్తుంది?”

“నాకు తెలుస్తది గదక్కా.”

ఆగస్టు ఇరవై, శనివారం, ఉదయం పదింటికి పరీక్ష జరిగింది. డాక్టరమ్మ నోటుపుస్తకం తిరగేస్తూ పందొమ్మిది మాటలు అడిగారు. పందొమ్మిదీ సరిపోయాయి. తరువాత ‘హస్బెండ్’ పక్కన ఖాళీ ఉన్న పుట దగ్గర ఆగి, వేలు పెట్టి చూపించారు.

తలుపు పక్కన నిలబడిన సుగుణమ్మ గోడ గడియారం చూసింది. ముల్లు ఒక నిమిషం దాటింది. దేవమ్మ గది చుట్టూ చూసింది. రోగులను పడుకోబెట్టే బల్ల దగ్గరకు వెళ్లి దానిమీద చెయ్యి ఆనించింది.

“మై హస్బెండ్ మేడ్ దిస్ టేబుల్.”

డాక్టరమ్మ బల్లను చూశారు. అతను ఇప్పుడెక్కడ ఉన్నాడని ఇంగ్లీషులోనే అడిగారు. ఆ ప్రశ్న పరీక్షలోది కాదు.

“ఐ డు నాట్ నో,” అంది దేవమ్మ.

డాక్టరమ్మ ఇరవయ్యో మాట పక్కన టిక్కు పెట్టి పుస్తకం తిరిగి ఇచ్చారు. దేవమ్మ అక్కడే నిలబడి, ఖాళీలో ఆ రెండు వాక్యాలూ రాసింది. సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు.

సోమవారం ఆమె కిటికీ దగ్గరే ఉంది. ఆ రోజు నలభై ఒక్కమందికి మందులు ఇచ్చింది; ప్రతి సీసా చీటీని రెండుసార్లు చదివింది.