సేపు గింజల సోదా

కార్తీక మాసం, సోమవారం ఉదయం. పెరట్లో హాజరైనవారు: బాపు, అవ్వ, నేను, నలుగురు జవాన్లు. నా పాత డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. బాపంటే మా నాన్న, అవ్వంటే అమ్మ.

ఆ రోజుల్లో మా తిరుమలగిరి వైపు భూమిలో ఏదైనా పాతిపెట్టడం ప్రమాదమని పద్నాలుగేళ్ల నాకు తోచలేదు. పోలీసు యాక్షన్ అయిపోయింది. కమ్యూనిస్టు సంఘం వాళ్లు దాచిన తుపాకుల కోసం మిలిటరీ ఊరూరా వెతుకుతోంది. బాపు హైదరాబాదు నుంచి ఒక సేపు పండు, అంటే ఆపిల్, తెచ్చాడు (ఒకటే, ముగ్గురం పంచుకున్నాం). నేను దాని గింజలు ఆరు దాచి, పెరట్లో ఆరుచోట్ల జానెడు లోతున పాతాను. సేపు తోటకు యజమానిని కావాలని నా ఆశ. అంతటితో ఊరుకుంటే బాగుండేది. రోజూ పొద్దున్నే ఆరు గుంటలూ తవ్వి, గింజ మొలిచిందో లేదో చూసి, మళ్లీ పూడ్చి, ఫలితం డైరీలో రాసేవాణ్ణి.

నెలరోజులుగా ఆరని ఆ కొత్తమట్టి జవాన్ల కంటపడింది. సేపు గింజలని బాపు ఉర్దూలో ఎంత చెప్పినా వాళ్లు నమ్మలేదు. అంతకు ముందువారం అనుమానం మీద తీసుకెళ్లిన మా పక్కింటాయన ఇంకా ఇల్లు చేరలేదు. బాపును గోడకు నిలబెట్టి, పెరడంతా మోకాటిలోతు తవ్వారు. తుపాకి లేదు సరే, మొదటి పారకే నా గింజలూ మట్టిలో కలిసిపోయాయి. బాపు మాటకు సాక్ష్యం అవే.

"రోజు దొరికేటియి గదరా, గియ్యాల యాడవోయినయ్?" అంటూ అవ్వ జల్లెడ తెచ్చింది. ఇద్దరం మట్టి జల్లించసాగాం.

"దొరకకపోతే వాన్ని గూడ నాతోనే తోల్కపొమ్మంట" అన్నాడు బాపు, గోడ దగ్గర నుంచే నావైపు చూస్తూ.

మధ్యాహ్నానికి నాలుగు దొరికాయి. జవాన్లలో పెద్దాయన వాటిని అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు. ఆయనది కొండల దేశమట. తమ దగ్గర ఇవి చలికాలమంతా మంచు కింద పడుకుంటేగాని లేవవనీ, ఇలా రోజూ నిద్రలేపితే ఏ గింజా బతకదనీ నవ్వుతూ చెప్పాడు. బాపు గోడ వదిలి వచ్చి ఆ మాటలు మాకు తెలుగులో చెప్పాడు.

"మంచు యాడ తేవాలె గని, జర సల్ల తాగిపోండ్రి బిడ్డా" అంది అవ్వ. మజ్జిగ తాగి వెళ్లారు.

మర్నాడు పొద్దున లేచి చూద్దును కదా, అవ్వ పెరడంతా చదునుచేసి మెంతులు చల్లుతోంది. నలుగురు మగవాళ్లు ఊరికే తవ్విపోయిన నేలను ఎందుకు వృథా చేసుకోవాలంది. నేను దగ్గరికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు జూడకు బిడ్డా. అయ్యే మొలుస్తయి."

చేతులు వెనక్కి కట్టుకుని, పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా దూరంగా నిలబడ్డాను. ఆ పిల్లవాడు తలపుకొస్తే ఇప్పటికీ ముద్దొస్తాడు.