నేను కడిగేసిన జాడీ

నా చేతికి ఇంకొకరి ఇంటి తాళంచెవి ఇవ్వడమంటే కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టేనని మా ఆయన అంటారు. నిజమే. ఎవరింటికి వెళ్ళినా సింకులో గిన్నెలు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు.

నాటింగ్‌హామ్‌లో మా పక్కింటి పెద్దాయన రిటైరైన బస్సు డ్రైవరు. భార్య పోయి మూడేళ్ళయింది, ఒక్కరే ఉంటారు. కిందటేడు మోకాలి ఆపరేషన్‌కి ఆస్పత్రికి వెళ్తూ తాళంచెవి నాకిచ్చారు.

"మొక్కలకి నీళ్ళు, పిల్లికి తిండి. అంతే, మి డక్. ఇంకేం చెయ్యకు" అన్నారు.

ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు ఆడామగా తేడా లేకుండా అందర్నీ డక్ అనే పిలుస్తారు. వచ్చిన కొత్తలో నా నడక చూసి వెక్కిరిస్తున్నారనుకుని ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అలా పిలవకపోతేనే వెలితిగా ఉంటుంది.

ఇంకేం చెయ్యకు అన్న మాట నా చెవికెక్కలేదు. మొదటిరోజు వంటగది గట్టు తుడిచాను. రెండోరోజు ఫ్రిజ్ కడిగాను. నాలుగోరోజు మెట్ల కింద అర తెరిచాను. పాత కోట్ల వెనక పెద్ద గాజు జాడీ ఒకటి ఉంది. అడుగున మడ్డి, మధ్యలో ఎర్రటి నీళ్ళు, పైన ముడతలు పడిన తెల్లటి పొర. మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది.

నేను ఊరగాయలు పెట్టే ఇంట్లో పుట్టినదాన్ని. జాడీలో తెల్లగా కనిపిస్తే మా గోదావరి వైపు ఆడవాళ్ళకి గుండె జారిపోతుంది. తడి చెయ్యి పెట్టిందెవరని ఇంటిల్లిపాదికీ విచారణ జరుగుతుంది. అదంతా పారబోసి, జాడీని వేడినీళ్ళతో తోమి, ఎండలో బోర్లిస్తే గానీ మనసు కుదుటపడదు. పాపం, చూసుకునేవాళ్ళు లేక ఈయన పళ్ళరసమేదో బూజు పట్టిపోయిందని జాలిపడ్డాను. మొత్తం సింకులో పోసేసి, రెండుసార్లు సబ్బు పెట్టి తోమాను. నా ఖర్మ కొద్దీ ఆరోజు ఎండ కూడా బాగా కాసింది. పెరటి గోడ మీద బోర్లించి, సాయంత్రానికి తళతళలాడే జాడీని వంటింటి బల్ల మీద ముగ్గులో కలశంలా నిలబెట్టాను.

ఆయన చేతికర్రల మీద ఇంట్లోకి వస్తూనే ఆ జాడీని చూశారు.

"ఇందులో ఉన్నదేది?"

"బూజు పట్టిపోయిందండీ. పారబోసి శుభ్రంగా కడిగాను" అన్నాను. మెచ్చుకుంటారని ఎదురుచూశాను కూడా.

ఆయన కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు. జాడీని దగ్గరికి లాక్కుని లోపలికి చూశారు. "పర్లేదు, మి డక్. నీకు తెలీదు కదా" అన్నారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఏం చేశానో చెప్పమని నేనే బతిమాలాను. అప్పుడు చెప్పారు. ఆయన భార్య రైతుల ఇంటి పిల్ల. వాళ్ళ వైపు పొలాల్లో పనిచేసేవాళ్ళ కోసం ఎవరింటి బీరు వాళ్ళే కాచుకునేవారట. ఆవిడ పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన ఏడు పెరట్లో ఉన్న డామ్సన్ చెట్టు కాయలు కోసి, బార్లీ ఉడికించిన తియ్యటి నీళ్ళలో వేశారు. డామ్సన్ అంటే మన నేరేడంత ఉండే పుల్లటి ప్లమ్. దాని తొక్క మీద బూడిదలా ఉండేదాంట్లోనే ఈస్ట్ ఉంటుంది. కొన్నదేమీ కలపకుండా ఆ చెట్టు ఇచ్చిన దానితోనే బీరు పులిసింది. ఆ ఏడు అడుగున మిగిలిన మడ్డి తీసి మరుసటేడు దానిలో కలిపారు. అలా ప్రతి ఏడూ. ఆవిడ పోయిన శీతాకాలంలోనే గాలివానకి చెట్టూ కూలిపోయింది. అప్పట్నించీ కొట్లో కొన్న కాయలతో ఆయనే కాస్తున్నారు, ఆ మడ్డిని బతికించుకోవడానికి.

"ఆ తెల్లటి పొర చూస్తే నాకు ధైర్యంగా ఉండేది. లోపల అది బాగానే ఉందని అర్థం" అన్నారు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాను. మా అమ్మాయి "మమ్, యూ డిడ్ వాట్?" అని నోరు తెరిచింది. మా ఆయన ఓదార్చబోయి, "ఈస్ట్ ప్యాకెట్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, ఒకటి తెప్పించి ఇచ్చేద్దాం" అన్నారు. ఆయన మీద ఇంతెత్తున లేచాను. నేను చేసిన తప్పుకి తిట్లు తినడానికి ఇంట్లో ఎవరో ఒకరు దొరకాలి కదా.

మర్నాడు పొద్దున పాలు కాచి తోడు పెడుతుంటే చెంచా చేతిలోనే ఆగిపోయింది. నా పెరుగు తోడు లండన్‌ స్టాన్‌మోర్‌లో ఉండే స్నేహితురాలు స్టీలు డబ్బాలో ఇచ్చింది. ఒకసారి మేం ఇండియా వెళ్ళొచ్చేసరికి అది పాడైపోతే, నా దగ్గర తోడు తీసుకెళ్ళిన మాంచెస్టర్ ఆవిడ దగ్గర్నుంచి మళ్ళీ తెచ్చుకున్నాను. అడిగినవాళ్ళకి తోడు లేదనకూడదు, మనింట్లో పోయిననాడు వాళ్ళింట్లో ఉంటుంది అనేది మా అమ్మ. పెద్దాయన భార్య కూడా ఆ బీరు ఎవరికైనా ఇచ్చి ఉంటారా అని ఆలోచిస్తుంటే గుర్తొచ్చింది. ఇచ్చారు. నాకే ఇచ్చారు.

మేం ఈ ఇంట్లో చేరిన ఏడు క్రిస్మస్‌కి ఆవిడ కంచె మీంచి ఒక సీసా అందించారు. మేం తాగమండీ అని నసిగాను. "దాచుకో, దీనికేం తొందర లేదు" అని నవ్వేశారు. ఇచ్చినదాన్ని పారెయ్యలేను, దేవుడి అర ఉన్న వంటింట్లో ఎదురుగా పెట్టుకోలేను. పాత చున్నీలో చుట్టి బియ్యం బస్తా వెనక దాచి, ఆ సంగతే మర్చిపోయాను.

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పక్కింటికి పరిగెత్తాను. సీసాని ఆయన బల్ల మీద పెట్టి చున్నీ విప్పాను. లేబుల్ మీద పెన్సిల్‌తో 'మన చెట్టువి' అని ఆవిడ చేతిరాత.

ఆయన వేలితో ఆ అక్షరాలు తడిమారు. "తను చేసినవి నా దగ్గర ఒక్కటీ లేవు. తను పోయిన ఏడాదే అన్నీ తాగేశాను. ఒకటైనా ఉంచుకోవాలన్న బుద్ధి లేకపోయింది."

ఇప్పుడు దీని మూత తీస్తే ఆవిడ చేసినవాటిలో ఆఖరిదీ అయిపోతుంది. తియ్యకపోతే అడుగున ఉన్న మడ్డి ఎప్పటికో ఒకప్పటికి చచ్చిపోతుంది. ఇప్పటికే చచ్చిపోయిందేమో కూడా తెలీదు. "వద్దులెండి, ఇలాగే ఉంచుకోండి" అన్నాను. నావల్ల ఆయనకి రెండోసారి నష్టం జరగడం నేను భరించలేను.

ఆయన కిటికీలోంచి చెట్టు ఉండే చోటు వైపు చూశారు. తర్వాత, "రెండు గ్లాసులు తీసుకురా" అన్నారు.

సీసాని కదపకుండా వంచి, అడుగున రెండు వేళ్ళ మందం మిగిల్చి పోశారు. నేరేడుపళ్ళు కడిగిన నీళ్ళ రంగులో ఉంది. నేను జన్మలో చుక్క ముట్టినదాన్ని కాదు. కానీ ఆయన్ని ఒక్కరినే తాగనివ్వడానికి నాకు మనసొప్పలేదు. ముందు తడిసిన గోనెసంచి వాసన, దాని వెనకే పండు వాసన. నోట్లో పోసుకోగానే పులుపుకి కళ్ళు మూసుకుపోయాయి. తీపి లేదు. టెంక దగ్గరి వగరు మాత్రం నాలిక మీద నిలిచింది. మింగాక గొంతులో మిగిలిన రుచి నాకు తెలుసు. అది తరవాణి.

మా అమ్మమ్మ వంటింటి మూలన తరవాణి కుండ ఉండేది. గంజినీళ్ళు రోజూ అందులో పోసి పులియబెట్టి, ఎండాకాలం పొద్దున్నే చద్దన్నంలో పోసి పెట్టేది. ఆ కుండని పూర్తిగా ఖాళీ చెయ్యనిచ్చేది కాదు. తోమబోయినందుకు నా వీపు మీద ఒకటి వేసింది కూడా. అంటే ఈ సంగతి నాకు ఏడేళ్ళకే తెలుసు. మట్టికుండలో తెలిసినదాన్ని గాజు జాడీలో గుర్తుపట్టలేకపోయాను.

"ఇది తనదే" అన్నారాయన. దాచుకోకుండా ఏడ్చారు. నేనూ ఏడ్చాను, క్షమించమని అప్పుడు సరిగ్గా అడగగలిగాను.

బార్లీ నీళ్ళు కాచాం. అవి ఎంతవరకు చల్లారాలో చూడ్డానికి ఆయన థర్మామీటర్ వెతుకుతుంటే, నేను చిటికెన వేలు ముంచి చూశాను. పాలు తోడుపెట్టే వేడి. "ఇప్పుడు పొయ్యండి" అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా సీసా అడుగున ఉన్నదంతా వంపేశారు.

వారం గడిచింది, ఒక్క బుడగ లేదు. రోజూ కంచె దగ్గర నిలబడితే ఆయన తల అడ్డంగా ఊపేవారు. నేను వెంకన్నకి మొక్కుకున్నాను. బీరు పులవాలని మొక్కుకున్న మొదటి మనిషిని నేనేనేమో, ఆయన ఏమనుకున్నాడో తెలీదు. పదకొండోరోజు పెద్దాయన చేతికర్రలు లేకుండా కుంటుకుంటూ వచ్చి మా తలుపు కొట్టారు. పరిగెత్తి చూస్తే జాడీ మెడలో వరసగా చిన్న చిన్న బుడగలు. నెల తిరిగేసరికి పైన తెల్లటి పొర కట్టింది. బూజుని చూసి సంతోషపడటం నా బతుకులో అదే మొదలు.

డామ్సన్ కాయల రోజుల్లో ఆయన ఒక చిన్న జామ్ సీసాలో మడ్డి పోసి నాకిచ్చారు. "మీ ఇంట్లో కూడా కొంచెం ఉండనీ. తను ఉంటే తనే ఇచ్చేది" అన్నారు. దాన్ని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనే పెట్టాను. పెట్టేముందు దాని మీద కాగితం అంటించి, తెలుగులో 'కడగొద్దు' అని పెద్దక్షరాలతో రాశాను. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. మా ఆయనకి ఫ్రిజ్‌లో ఉన్నదేదీ కనపడదు. అది నాకోసమే రాసుకున్నాను.