సాంచాలు లేని షెడ్డు

ఒక మనిషిని ఊళ్ళో నిలబెట్టబోయి, మా మామను పోలీసు జీపెక్కించిన నా తెలివితేటల గురించి చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు, నాకు అలవాటైపోయింది.

అన్నల కాలం, అంటే నక్సలైట్ల రోజులు. సిరిసిల్లలో నలుగురు కలిసి నిలబడితే పోలీసు జీపు ఆగేది. మా మేనమామకు అక్కడ ఎనిమిది సాంచాల షెడ్డు ఉండేది. సాంచాలంటే మరమగ్గాలు. ఎండాకాలం ఉక్కకు తాళలేక, చెయ్యి తిరిగిన నేతగాడు నర్సయ్య మహారాష్ట్రలో మగ్గాలుండే భీవండికి బస్సెక్కుతానన్నాడు. అతను పోతే మామకు కుడిచెయ్యి పోయినట్టే.

"సోమారం దాంక ఆగు నర్సన్నా. మా అల్లుడు ఇంజినీరు. కంపూటర్ల జూసి సల్లగ జేస్తడు" అన్నాడు మామ.

ఆ అల్లుణ్ణి నేనే. భవనాల వేడిని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అప్పుడే నేర్చుకుని మా ఊరు కోరుట్లకు తిరిగొచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, కంప్యూటర్ సెంటర్లో కూర్చుని షెడ్డునంతా తెరమీద కట్టేశాను. ఉపాయం సులువే. రెండు గొట్టాలు, రెండు ఫ్యాన్లు బిగించిన ఒక రేకు డబ్బా. అందులో ఓ పక్క బయటికి పోయే గాలి, ఇంకో పక్క లోపలికి వచ్చే గాలి, మధ్యలో పలచని రేకు. షెడ్డులో కూలరుంది కాబట్టి, పోయే గాలి తన చల్లదనాన్ని వచ్చే గాలికి అప్పగించి పోతుంది. తలుపులు, కిటికీలు మూసెయ్యాలి. లోపల ఇరవై ఎనిమిది డిగ్రీలే అంది కంప్యూటరు.

డబ్బా చేయించి, బస్సు మీదేసుకుని సిరిసిల్ల తెచ్చి బిగించాను. సాంచాలు నడిచాయి. గంటలో షెడ్డు ఇటుకబట్టీ అయింది.

"ఇంజినీరు సారూ, గిదేంది? నిన్నటికంటె ఎక్కువ మండుతున్నది" అన్నాడు నర్సయ్య బనీను పిండుకుంటూ.

"జర ఓపిక పట్టు నర్సన్నా. కంప్యూటర్ల ఇరవై ఎనిమిదే ఉన్నది."

"గట్లయితె నేను బొయ్యి కంపూటర్లనే కూసుంట."

పొమ్మనలేక పొగబెట్టినవాళ్ళను మీరు చూసే ఉంటారు. ఉండమని బతిమాలుతూ పొగబెట్టింది మాత్రం నేనొక్కణ్ణే. నర్సయ్య సంచి సర్దుకున్నాడు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడే జీపొచ్చింది. ఎవడో పిలగాడు గొట్టాల డబ్బా తెచ్చి షెడ్డు తలుపులు మూయించాడని ఎవరో చెప్పినట్టున్నారు. ఎస్సై మొదట మామను జీపెక్కించి, తర్వాత నా కంప్యూటర్ లెక్కల కాగితాలు లాక్కుని చదివాడు.

"మనుషులు ఎనిమిదిమంది. పని, కూసునుడు. కిటికీలు బంద్. మిషన్లు సున్న." తలెత్తాడు. "సిరిసిల్లల సాంచాలు లేని షెడ్ల తలుపులేసుకొని ఎనిమిదిమంది కూసునేది దేనికిరా? మీటింగుకా?"

"కాదు సార్, అది గీ షెడ్డే సార్!"

"మరి సాంచాలేవి?"

నేనూ వంగి ఆ కాగితంలోకి చూశాను. సాఫ్ట్‌వేర్ ముందే నింపి ఇచ్చిన ఆఫీసు లెక్కను నేను మార్చనే లేదు. ఎనిమిది మోటార్ల వేడిని మరిచాను. బయటికన్నా లోపలే ఎక్కువ కాగుతుంటే, నా డబ్బా పోయే వేడిని మర్యాదగా వెనక్కి పిలిచి లోపలికి పంపుతోంది!

అదంతా విప్పి చెప్పాను. ఎస్సై మామను జీపు దింపి, "గీ పోరగాన్ని అన్నలు గూడ దగ్గరికి రానియ్యరు" అని వెళ్ళిపోయాడు.

నర్సయ్య నవ్వీ నవ్వీ సంచి కింద పెట్టాడు. గాలి లోపలికొచ్చే గొట్టం పీకేసి, కిటికీలు తెరిచాడు. మిగిలిన ఒక్క ఫ్యాను వేడిని బయటికి తోసింది. షెడ్డు కాస్త తెరిపిన పడింది.

"మరి భీవండి?" అన్నాడు మామ భయంభయంగా.

"యాడికి పోత సేటూ? గీ పిలగాడు మల్ల అస్తె డబ్బ పీకెటోడు ఒకడుండాలె గద."

నేను సాంచ మోటారు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో సాంచాలు లెక్కపెట్టకుండా కంప్యూటర్ మీట నొక్కను. మోటారు నిప్పులా కాలుతోంది. చెయ్యి బొబ్బలెక్కింది కాబట్టి ఆ ఒట్టు ఇవాళ్టికీ మరిచిపోలేదు.