రసమట్టం కొన్న రికార్డు ప్లేయరు

నేలకు టైల్స్ పరిచే ఆ మేస్త్రికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. తెలిసినవాళ్లందరికీ ఆయన రసమట్టమే. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట జానెడు రసమట్టం ఉంటుంది. చదునైనది ఏది కనిపించినా దాన్ని తీసి పైన పెట్టి, గాజు గొట్టంలో బుడగ నడిమికి వచ్చిందో లేదో ఒంటికన్నుతో చూడందే ఆయనకు ఊపిరాడదు. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, పడుకోమన్న బల్ల మీద ముందు రసమట్టాన్ని పడుకోబెట్టాడు.

"నా జ్వరం సంగతి తర్వాత చూద్దురుగానీ, ఈ తలవైపు కాలు కింద ఒక అట్టముక్క పెట్టించండి. మీ దగ్గరికొచ్చిన వాళ్లందరికీ రక్తం తలకెక్కుతోంది" అన్నాడు. డాక్టరు ఆ రోజు ఇంజెక్షను కాస్త గట్టిగానే పొడిచాడు.

ఆయన భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆవిడ పెదనాన్న చిన్న ఇంటికి మారుతూ పద్దెనిమిది పాత రికార్డులు ఆవిడకిచ్చాడు. రికార్డులైతే వచ్చాయి గానీ వాటిని పాడించే యంత్రం రాలేదు. ఆవిడ రోజూ వాటి దుమ్ము దులిపి, అట్టల మీద బొమ్మలు చూసి, మళ్లీ బీరువా మీద పెట్టేసేది. నెల గడిచాక ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఏమండీ, ఈ పాటలు చూడ్డమేనా, వినేదేమైనా ఉందా?"

"వింటాం. కాకపోతే తెస్తే మంచిదే తేవాలి" అన్నాడు రసమట్టం.

ఆ 'మంచిదే' దగ్గరే ఐదు వారాలు పట్టింది.

మొదట అద్దాల షోరూముకు వెళ్లాడు. సేల్స్‌మన్ కుర్రాడు ఎర్రటి పెట్టెలాంటి ప్లేయరు చూపించాడు. రసమట్టం దాని పళ్లెం మీద రసమట్టం పెట్టాడు. బుడగ ఎడమకు పోయింది.

"అంకుల్, ఇందులో బ్లూటూత్ కూడా ఉంది."

"అన్నీ ఉన్నాయి నాయనా, బుడగొక్కటే నడిమిలో లేదు."

తర్వాత పాత సామాన్ల కొట్టు. అక్కడ కూడా బుడగ పక్కకే పోతే కొట్టాయన ఒప్పుకోలేదు. "వంకర నా ప్లేయరుది కాదయ్యా, బల్లది" అన్నాడు. "అయితే బల్లే సరిచేద్దాం" అని రసమట్టం చొక్కా చేతులు మడిచాడు. మధ్యాహ్నం దాకా చెమటోడ్చి బల్ల నాలుగు కాళ్లూ సమానం చేశాడు. తీరా ఆడించి చూస్తే పళ్లెం అలల మీద పడవలా ఊగింది. ఉత్తచేతులతో లేచాడు. కొట్టాయన మాత్రం మహా సంతోషంగా, "రేపు కూడా రావయ్యా, గుమ్మం చూద్దువుగాని" అన్నాడు.

ఐదో వారం పేపర్లో చిన్న ప్రకటన చూసి ఒక రిటైరైన లెక్కల మాస్టారి ఇంటికి వెళ్లాడు. మాస్టారు ప్లేయరును హాల్లో నేల మీద పెట్టి, రికార్డు అంచున చిన్న కాగితం ముక్క అంటించాడు.

"ఇది నిమిషానికి ముప్పైమూడు చుట్లూ, ఇంకో మూడోవంతూ తిరగాలి."

"ఆ మూడోవంతు ఎలా పట్టుకుంటారు మాస్టారూ?"

"మూడు నిమిషాలు లెక్కపెట్టు. సరిగ్గా వంద రావాలి."

రసమట్టం కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లకు తనలాంటి మనిషి ఒకడు దొరికాడు. పళ్లెం ఊగుతోందో లేదో తేలాలంటే కన్ను దాని ఎత్తుకే రావాలి కదా! ఇద్దరూ పక్కపక్కనే బోర్లా పడుకుని లెక్క మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే మాస్టారి భార్య కూరగాయల సంచీతో లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరండీ ఈయన? మీ పక్కన బోర్లా పడుకున్నాడేంటి?"

"ష్! అరవై ఏడు..."

"అరవై ఎనిమిది" అన్నాడు రసమట్టం.

వంద దాకా ఆవిడ సంచీ దించకుండా అలాగే నిలబడింది. వంద సరిగ్గానే వచ్చింది. బుడగా నడిమిలోనే నిలిచింది. "తీసుకుపో అన్నయ్యా, పుణ్యముంటుంది. పన్నెండేళ్లుగా ఈయన చుట్లు లెక్కపెట్టడమే గానీ ఒక్క పాట విన్న పాపాన పోలేదు" అంది ఆవిడ. ధర దగ్గర ఎవరికీ పేచీ రాలేదు. ఆటోలో ప్లేయరును ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా సీటులోంచి పైకి లేస్తూ రసమట్టం ఇల్లు చేరాడు.

హాల్లో బల్ల మీద పెట్టి, భార్య ఎంచిన రికార్డు వేసి, ముల్లు దించాడు. ముల్లు జర్రున జారి మధ్యకు పోయింది. పళ్లెం మీద రసమట్టం పెడితే బుడగ ఒక చివరకు పరుగెత్తింది. ప్లేయరు తప్పు కాదు. టేపు పెట్టి కొలిస్తే బల్ల కాళ్లూ సమానమే. ఇక మిగిలింది నేల.

ఊరందరి నేలలూ కొలిచిన మనిషి, తన ఇంటి నేల మీద ఒక్కనాడూ రసమట్టం పెట్టలేదు. పదకొండేళ్ల కిందట ఆయన వేరే ఊరి పనిలో ఉండగా ఆ హాల్లో టైల్స్ పరిచింది బావమరిది. "మా తమ్ముడు వేసిన నేల మీద ఆ గొట్టం పెట్టారో, నేను పుట్టింటికి పోతాను" అని భార్య అప్పుడే చెప్పేసింది. బుడగ మీద ఎంత మమకారం ఉన్నా, భార్య మీద అంతకన్నా ఎక్కువే.

ఇవాళ మాత్రం ఆవిడే తమ్ముడికి ఫోన్ చేసి రప్పించింది. అతను నేలను తేరిపార చూసి, "కడిగితే నీళ్లు పోవాలని కాస్త వాలు పెట్టాను బావా" అన్నాడు.

"వాలు గుమ్మం వైపుండాలిరా. నువ్వు మంచం కిందకు పెట్టావు!"

"మంచం కింద ఎవరూ కడగరని..."

"రేపే మొత్తం తవ్వేస్తాను" అని రసమట్టం లేచాడు. "తవ్వితే తవ్వుదురుగాని, నాకిప్పుడు పాట కావాలి" అని భార్య కుట్టుపని డబ్బా తెచ్చి, ఒక బల్లకాలు కింద మూడు కోటు బొత్తాలు, ఇంకో దాని కింద రెండు దూర్చింది. బుడగ వచ్చి నడిమిలో కూర్చుంది.

పాట మొదలైంది. బావమరిది హుషారుగా లేచి ఒక్క అడుగు వేశాడో లేదో, టైలు కదిలి ముల్లు ఎగిరింది. దాంతో ముగ్గురూ ఫొటోకి కూర్చున్నట్టు కదలకుండా కూర్చున్నారు. టీ చేతికందేంత దూరంలోనే చల్లారిపోయింది. భార్య మాత్రం పాటకన్నా అర అడుగు ముందే, గొంతెత్తి పాడుతోంది.

ఒక వైపు అయిపోయింది. "రికార్డు ఎవరు తిప్పుతారు?" అంది ఆవిడ.

అక్కాబావలిద్దరూ ఒకేసారి అతని వైపు చూశారు.

"టైళ్లు కదులుతాయి బావా."

"తెలుసురా. పాక్కుంటూ వెళ్లు."

ఆ రోజు తొమ్మిది రికార్డులు, రెండు వైపులా విన్నారు. బావమరిది మోకాళ్లు రెండు రోజులు మంట పెట్టాయి.