నూరు ఆక్టేన్ పెట్రోలు, నా బరువు

మా ఆయనకి బండి అంటే ట్యాంకే. రోజూ పొద్దున్నే పాత బనీనుతో దాన్ని మెరిసేదాకా తుడుస్తాడు. సీటు కింద ఏముందో మూడేళ్లుగా చూసిన పాపాన పోలేదు. పైన పటారం, లోన లొటారం.

ప్రతి ఆదివారం గాజువాక నుంచి కొండ దాటి యారాడ సముద్రపొడ్డుకి చేపల కోసం ఆ వంద సీసీ బండి మీదే వెళ్లేవాళ్లం. ఓ ఆదివారం కొండ ఎక్కుతుంటే ఇంజన్ కటకటమంటూ గింజుకుంది. సగం ఎత్తులో ఆపాడు.

"దిగే. బండి లాగట్లేదు. దానికి తోడు నీ బరువొకటి."

దిగాను. ఎండలో మలుపు దాకా నడిచాను. ముందు బండి మీద దర్జాగా పోతున్న మొగుణ్ణీ, వెనక ఖాళీ సంచితో రొప్పుతూ వస్తున్న నన్నూ చూసి ఆటోలో జనం నవ్వారు. ఆ అవమానం చాలా రోజులు నన్ను తినేసింది.

మర్నాడు డ్యూటీలో ఆయనకి ఎవడో స్నేహితుడు జ్ఞానబోధ చేశాడట: "సాదా పెట్రోలేటి బావా, నూరు ఆక్టేనుది కొట్టించు. గుర్రంలాగ ఎల్లిపోద్ది."

ఇంటర్ రెండుసార్లు తప్పిన మనిషికి నూరు అనే అంకె కనబడితే భక్తి. అది దొరికే బంకు వెతుక్కుంటూ ఊరంతా తిరిగాడు. పోయించుకొచ్చి "సౌండు మారింది, ఇన్నావా?" అన్నాడు. ఏమీ మారలేదు. తర్వాతి ఆదివారం అదే మలుపు కింద మళ్లీ దిగాను. ఈసారి మరీ ధీమాగా తేల్చేశాడు.

"నూరు పోసినా లాగట్లేదంటే ఇంకేటి? నీ బరువే."

నాకు గేర్ల బండి వచ్చు, పెళ్లికి ముందే నేర్చుకున్నాను. ఆ వారంలోనే పాతూర్లో పనుందని చెప్పి, అడుగంటిన ట్యాంకుతో ఓ ముసలి మెకానిక్ సాయిబు దగ్గరికి పోయాను. "వచ్చేటప్పుడు నూరుదే కొట్టించుకురా" అని వెనక నుంచి ఆజ్ఞ.

సాయిబు సీటు కింద నుంచి, ఇంజన్‌కి గాలి వడకట్టే ఎయిర్ ఫిల్టర్ తీసి నా ముందు దులిపాడు. మా ఊరి నల్లధూళి అంతా అందులోనే కాపురముంది. మరి నూరు ఆక్టేన్ సంగతేమిటని అడిగాను.

"ఆక్టేనంటే బలం కాదమ్మా. ఇంజన్ లోపల నొక్కుడుకి పెట్రోలు ముందే అంటుకోకండా ఆగాల. ఆ ఆగే ఓపికే ఆక్టేను, పెద్ద బళ్లకి అది ఎక్కువ కావాల. దీనికి సాదాది సాలు, బండి పుస్తకంలోనే రాసుంటాది. ఊపిరాడనోడికి బిర్యానీ పెడితే ఏం ఫాయిదా?"

"ఇద్దరు కూర్చుంటే లాగదా భాయ్?" నేను అంత దూరం వచ్చింది ఈ మాట అడగడానికే.

"ఇద్దరి కోసమే కదమ్మా సీటు అంత పొడుగు పెట్టింది!"

కొత్త ఫిల్టర్ వేయించి, వస్తూ వస్తూ సాదా పెట్రోలే నిండా పోయించాను. ఆదివారం బండి ఎక్కడా ఆగకుండా కొండెక్కింది. "సూసావా? నూరంటే నూరే!" అని అరిచాడు. అప్పుడు తాపీగా చెప్పాను ఫిల్టర్ సంగతి, ట్యాంకులో ఉన్న పెట్రోలు సంగతి. ఒడ్డున చేపలు తూయిస్తూ నన్ను పైనించి కిందికి ఓసారి చూశాడు.

"అయితే నువ్వు సన్నబడ్డావేటి?"

నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. మొదటిసారి దింపిన రోజు నుంచీ నేను రాత్రి అన్నం మానేశాను. పెట్రోలు గురించి ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్కా నమ్మలేదు. నా బరువు గురించి చెప్పింది మాత్రం నమ్మాను.