ఎలుకల సారు చెప్పలేని సంగతి

ఎలుకల సారు "ఎవరికి?" అని అడగందే ఏ ప్రశ్నకీ జవాబు చెప్పరు. అడిగాక కూడా చెప్పరు, "చెప్పలేం" అంటారు. ప్రయోగశాలలో ఎలుకలకి కలుపుమందు తినిపించి, వాటికి పుట్టిన పిల్లల్ని లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం.

ఇంట్లో భార్య ఒకసారి, "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

"ఎవరికి? ఒక్క నాలుకని నమ్మి చెప్పలేం" అని గిన్నె పట్టుకుని ఇరుగుపొరుగుకి రుచి చూపించడానికి బయల్దేరారు. తిరిగొచ్చేసరికి గిన్నె ఖాళీ. ఆవిడ మళ్లీ అడిగితే ఒట్టు.

ప్రయోగశాల తోటలో పనిచేసే ఆమెకి ఇదంతా నవ్వులాటగానే ఉండేది, తనకి మూడో నెల వచ్చేదాకా. ఆ వారమే సారు లెక్క తేలింది. మందు తిన్న ఎలుకలకి పిల్లలు సగమే పుట్టాయి. బాటల పక్క గడ్డి మీద ఆమె కొట్టేదీ అదే మందు. ఆ సంగతి చెవిన పడగానే ఆమె నేరుగా సారు గదికి వెళ్లింది.

"ఆ మందు ప్రమాదమా సారూ?"

"ఎవరికి? ఎలుకకా, మనిషికా?"

"నాకు ఎలుకపిల్ల పుడుతుందా సారూ?"

సారు కళ్లజోడు తుడుచుకున్నారు. "వాటికి రోజూ మేతలో బోలెడంత కలిపాం. నువ్వు తినవు. చేతికి అంటుతుంది, కాస్త పీలుస్తావు. వాటికి జరిగింది నీకూ జరుగుతుందని చెప్పలేం. జరగదనీ చెప్పలేం."

ఇంత చదువు చదివి ఏం లాభమని గొణుక్కుంటూ ఆమె బయటికొచ్చింది.

మర్నాడు మందు కొట్టే డబ్బా కనిపించలేదు. పరీక్షకి కావాలని సారు పట్టుకెళ్లారన్నాడు తోట మేస్త్రీ. నెల దాటినా అది తిరిగి రాలేదు. విచిత్రంగా గడ్డీ రాలేదు. ఒకరోజు ఆమె పెందలాడే వచ్చి చూస్తే, సారు బాట పక్కన చతికిలబడి గడ్డి పీకుతున్నారు. ప్యాంటు నిండా మట్టే.

"ఏమీ చెప్పలేమన్నారుగా సారూ?"

"అందుకేనమ్మా. తెలిసేదాకా నీ చేత కొట్టిస్తే, ఆ పరీక్ష నీ మీద చేసినట్టేగా."

ఆయన మీద విసుక్కున్నందుకు ఆమెకి సిగ్గేసింది. అంతలో పీకిన కుప్ప కంటబడింది. "అయ్యో, ఇవి నేను నాటిన పూలమొక్కలు సారూ."

"అవునా? మొక్కకి ఇంత లేత వయసులో చెప్పలేం" అన్నారు సారు, ఒక మొక్కని తిప్పి చూస్తూ.

నెలలు నిండి ఆమెకి ఆడపిల్ల పుట్టింది. పిల్లని తెచ్చి చూపిస్తే సారు అలవాటు కొద్దీ వేళ్లు రెండుసార్లు లెక్కపెట్టారు.

"ఇప్పుడైనా చెప్పండి సారూ, ఆ మందు ప్రమాదమా, కాదా?"

"ఒక్క పిల్లని పట్టుకొచ్చి తేల్చమంటే ఎలాగమ్మా?"

"పోనీ, పాప ముద్దుగా ఉందా?"

"ఉంది."

ఆమె ఆశ్చర్యపోయి, "ఎవరికి సారూ?" అంది.

పాప ఆయన వేలు గట్టిగా పట్టుకుంది. "ఎలుకకైనా, మనిషికైనా" అన్నారు సారు.