రోడ్డు లేని రాజధానికి కారు బుక్ చేశాను

కారు నడపడం వచ్చిన కొత్తలో మనిషికి ఒక రకమైన పొగరు వస్తుంది. ఆ రోజుల్లో న్యూజెర్సీలోని పార్సిప్పనీ అపార్ట్‌మెంట్లలో ఉండే మాలాంటి కన్సల్టెంట్లకి అది కాస్త ఎక్కువే. పాలకి కారు, గుడికి కారు, పక్క బిల్డింగులో ఉన్న స్నేహితుడింటికీ కారే. డాట్‌కామ్‌లు టపటపా మూతపడుతున్న కాలం. నేను ప్రాజెక్టు లేక నెలల తరబడి బెంచ్ మీద ఉన్నాను. చివరికి అలాస్కా రాజధాని జూనోలో ఒక ఆఫీసువాళ్లు నేరుగా పిలిచి ఇంటర్వ్యూ చేస్తామన్నారు. "ఇది కూడా పోతే వీసా సంగతి నేనేం చేయలేను బాబూ, ఇండియాకి టికెట్ బుక్ చేసుకో" అని మా కంపెనీ యజమాని మెత్తగానే చెప్పాడు.

ప్రయాణం ఏర్పాట్లు నా రూమ్మేట్ చేతిలో పెట్టాను. వరంగల్ వాడు. అందరి ట్రిప్పులూ తనే ప్లాన్ చేసేవాడు కాబట్టి వాడిని ప్లానింగ్ కమిషన్ అనేవాళ్లం. "యాంకరేజ్ దాక ఫ్లైట్ల పో. ఆడ కార్ రెంట్ చేసి మంచిగ డ్రైవ్ చేస్కుంట పో, అడవి గూడ జూసినట్టుంటది" అన్నాడు. రోడ్డు బాగుంటుందా అని అడిగాను. "స్టేట్ క్యాపిటల్ రా భై! రోడ్డు లేకుంటదా?" అన్నాడు. ఆ మాటకి ఎదురేముంది? (మ్యాప్ తెరిచి చూడాలన్న ఆలోచన ఇద్దరు ఇంజనీర్లలో ఒక్కరికీ రాలేదు.)

అలాస్కాలో దిగాక, యాంకరేజ్ ఎయిర్‌పోర్టు అద్దెకార్ల కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ నన్ను జాలిగా చూసి, జూనోకి రోడ్డు లేదంది.

"రాజధాని కదండీ?"

"రాజధానే. రోడ్డే లేదు."

చుట్టూ కొండలు, మంచు, అడవి, సముద్రం. కారులోనే పోతానని మొండికేస్తే కెనడాలోకి వెళ్లి, మళ్లీ ఇవతలికొచ్చి, ఆపైన ఓడ ఎక్కాలట. నాకు కెనడా వీసా లేదు, ఉన్న అమెరికా వీసా ఊగిసలాడుతోంది. ఏడుపొక్కటే తక్కువ. పరుగున వెళ్లి విమానం ఎక్కితే, జూనో మీద మంచు కమ్ముకుందని మమ్మల్ని ఇంకో ఊళ్లో దించారు. ఇంటర్వ్యూ రోజు అక్కడే గడిచిపోయింది. మర్నాడు నలిగిన సూటుతో, వానలో తడిసి ముద్దయి ఆఫీసులో అడుగుపెట్టాను.

మేనేజరమ్మకి తెల్లజుట్టు, కాళ్లకి రబ్బరు బూట్లు. ఆలస్యానికి క్షమాపణ చెప్పబోతే, ఇక్కడ వాతావరణం రానిచ్చినప్పుడే ఎవరైనా వస్తారంది. నేను రాత్రింబవళ్లు బట్టీపట్టిన ప్రోగ్రామింగ్ ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు.

"నీకంటే ముందొచ్చినవాళ్లు రోడ్డు లేని ఊళ్లో ఊపిరాడటం లేదని వెళ్లిపోయారు. నువ్వెన్నాళ్లుంటావు?"

అప్పుడు నా నోట్లోంచి నిజం ఊడిపడింది. "మాది గోదావరి మధ్యలో లంకండీ. పెళ్లికొడుకైనా, గ్యాస్ సిలిండరైనా పడవ మీదే రావాలి. వరదొస్తే అదీ లేదు. అయినా ఎవరికీ ఊపిరాడకుండా పోలేదు."

"మరి ఇక్కడికి కారెందుకు బుక్ చేశావు?" (కంగారులో ఆ సంగతీ ముందే వాగేశాను.)

"న్యూజెర్సీలో ఉండి చెడిపోయానండీ."

ఆవిడ బల్ల చరిచి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, సోమవారం నుంచి రమ్మంది.

బయటికొచ్చి ప్లానింగ్ కమిషన్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. (తర్వాత దొరికి, "నేన్ జెప్పలే? అంత నా ప్లానింగే" అన్నాడు.) ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలేట్టుంది. వీధి మలుపు తిరిగేసరికి చెత్తడబ్బా దగ్గర నల్లటి ఎలుగుబంటి! పారిపోవాలి కదా. నేను మాత్రం నిలబడి, "ఒరేయ్, నాకు జాబ్ వచ్చిందిరా!" అని అరిచాను, తెలుగులోనే. అది తలెత్తి నన్నోసారి చూసి, నింపాదిగా కొండెక్కి పోయింది.

ఇప్పుడు కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో కాపురం. ఆ తర్వాత ప్రమోషన్లు వచ్చాయి, ఒక్కోదాన్నీ ఇంట్లో కూడా నెమ్మదిగా, అదేదో మామూలే అన్నట్టు చెప్పాను. ఎలుగుబంటిని ఆపి మరీ శుభవార్త చెప్పిన ఆ తడిసిన కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడంటే నాకిప్పటికీ ముచ్చటే.